కుర్చీ, కాగితం, బీడు: కోనసీమలో ఫిర్యాదు వాక్యం

అవినీతిని, దుష్పరిపాలనను వస్తువుగా గ్రహించిన తెలుగు రచనలపై వచ్చిన విమర్శలో ఒక అలవాటు స్థిరపడింది. రచనలో లంచం పుచ్చుకునే పాత్రలెన్ని, వారు ఏ శాఖకు చెందినవారు, రచయిత వారిని ఎంత ఘాటుగా విమర్శించాడు అన్న వివరాలు పోగుచేసి ‘సామాజిక స్పృహ’ అనే మాటతో ముగించడం ఆ అలవాటు. ఈ పద్ధతిలో తెలిసేది తక్కువ. లంచగొండి గుమాస్తా వీరేశలింగం కాలంలోనూ ఉన్నాడు, రావిశాస్త్రి కాలంలోనూ ఉన్నాడు. అతడి కన్నా అతడి బల్ల ముందు నిలబడిన మనిషి మాటే ఎక్కువగా మారుతూ వచ్చింది. ఆ మనిషి తన వాక్యంలో ఎవరిని కర్తగా నిలుపుతున్నాడు, ఎవరిని సంబోధిస్తున్నాడు, తనను తాను ఏమని చెప్పుకుంటున్నాడు అన్న ప్రశ్నలు వేస్తే రచనలు మరోలా తెరుచుకుంటాయి.

ఈ ప్రశ్నలను కోనసీమకు పరిమితం చేసి మూడు పాఠాలపై పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం. రెండవది బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే చిన్న పుస్తకం. మూడవది పుస్తకమే కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామం. ఒక ఉద్యమాన్ని పాఠంగా చదవడం ఎంతవరకు సబబన్న సందేహం సహజమే. అయితే ఆ ఉద్యమం తనకు తాను పెట్టుకున్న పేరు, ఊరూరా చేసిన తీర్మానాలు, అధికారులకిచ్చిన వినతిపత్రాలు అన్నీ మాటలతో కట్టినవే. సాహిత్య విభాగాలు వాటిని రాజనీతిశాస్త్రానికి వదిలివేయడం వల్ల నష్టపోయింది సాహిత్య విమర్శే.

కోనసీమను గురించి తెలుగు పాఠకుడికి మొదట గుర్తుకు వచ్చేది కొబ్బరితోటలు, లంకలు, పంటకాలువలు. స్మృతిసాహిత్యమూ సినిమా పాటా కలిసి ఆ చిత్రాన్ని స్థిరపరిచాయి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న ఈ భూమి నిజంగానే అందమైనది. కాని అదే నైసర్గిక స్థితికి మరొక అర్థమూ ఉంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన ప్రాంతాల శివారు భూములకు ధవళేశ్వరం నీరు అన్నిటికన్నా చివర చేరుతుంది. ఎగువ పొలాల ముంపునీరు మాత్రం వాటి మీదుగానే సముద్రానికి పోవాలి. నీరు కావలసినప్పుడు వరుసలో చివర, వద్దన్నప్పుడు మొదట. మురుగుకాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే, మొగ దగ్గర ఇసుక మేట వేస్తే, ఆకుమడి కుళ్ళిపోవడానికి రెండు మూడు రోజులు చాలు. ఇటువంటి చోట పరిపాలన అంటే ఎక్కడో రాజధానిలో జరిగే వ్యవహారంగా ఉండదు. కాలువలో పూడిక తీశారా లేదా అన్న ఒక్క విషయంలో అది ప్రతి ఏడూ కంటికి కనబడుతుంది. డెల్టా మురుగునీటి సమస్యపై 1960లలో మిత్రా కమిటీ అధ్యయనం చేసింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల రైతులపై డ్రైనేజీ సెస్సు విధిస్తూ చట్టమే వచ్చింది. పూడిక తీయించమని అర్జీ పెట్టుకునే కోనసీమ రైతు దానం అడిగేవాడు కాడు. తన తాతతండ్రులు సెస్సు కట్టిన పనిని గురించి అడుగుతున్నవాడు. అర్జీ భాష మాత్రం ఈ సంగతిని చెప్పదు.

అర్జీ భాషను గురించి ఇక్కడ కొంత ఆగి చెప్పుకోవలసి ఉంది. అర్జీలో పౌరుడు ‘తమరి దయకోసం’ వేడుకుంటాడు, ‘చిత్తగించవలసినదిగా’ ప్రార్థిస్తాడు, చివర ‘విధేయుడు’గా సంతకం పెడతాడు. దానికి వచ్చే జవాబులో ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’, ‘పరిశీలనలో ఉన్నది’ వంటి వాక్యాలు ఉంటాయి. తెలుగుకు కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకర్తలు, భాషావేత్తలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. కార్యాలయ భాష మాత్రం కర్త లేని వాక్యం మీదే బతుకుతోంది. పంపింది ఎవరు, పరిశీలిస్తున్నది ఎవరు, ఎన్నాళ్ళలో తేలుస్తారు అన్న మూడు ప్రశ్నలకూ ఆ వాక్యంలో చోటు లేదు. 1966 అధికార భాషా చట్టం తరువాత ప్రభుత్వం తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టినా, ఆ తెలుగు ఇంగ్లీషు ఫైలులోని కర్తృలోపాన్ని అలాగే దిగుమతి చేసుకుంది. దీనికి ఎదురుగా జనవ్యవహారంలోని వాక్యం ఉంది: ‘కాలవ డబ్బులు తినేశారు’. ఇక్కడ క్రియ మహా స్పష్టం. కర్త బహువచన ప్రత్యయంలో దాక్కున్నాడు. తిన్నది ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తరు. ‘మామూలు’ అనే మాట లంచానికి పర్యాయపదం కావడం, ముళ్ళపూడి వెంకటరమణ ‘ఆమ్యామ్యా’ ఇంటింటి మాట కావడం కూడా ఈ దాపరికంలోనివే. నవ్వుకునేందుకు పనికివచ్చే మాటలివి, నిలదీసేందుకు చాలవు. కార్యాలయం కర్తను చెరిపివేస్తే జనం కర్తను మింగేస్తున్నారు. ఈ రెండు వాక్యాల మధ్యనే మన మూడు పాఠాలూ పుట్టాయి.

గోదావరి తీరంలో ఈ చరిత్ర వీరేశలింగంతో మొదలవుతుంది. 1874లో ఆరంభమైన ‘వివేకవర్ధని’ ఉద్యోగుల లంచగొండితనాన్ని బాహాటంగా ఎండగట్టింది. 1880 నాటి ‘వ్యవహార ధర్మబోధిని’ న్యాయవాదుల అక్రమాలను వేదిక మీదకు తెచ్చింది. అయితే వీరేశలింగం ఫిర్యాదుకు పైన వినేవాడొకడు ఉన్నాడన్న నమ్మకం ఉంది. స్థానిక ఉద్యోగి చెడ్డవాడు, అతడి పైఅధికారికి తెలిస్తే చక్కబడుతుంది అన్న అమరిక ఆ రచనల వెనుక కనిపిస్తుంది. ఆ పైఅధికారి పరాయి పాలకుడు కావడాన్ని అప్పటికి అది ప్రశ్నగా తీసుకోలేదు.

బోయి భీమన్న 1911లో మామిడికుదురులో పుట్టాడు. స్వాతంత్ర్యానికి ముందే రాసిన ‘పాలేరు’ నాటకంలో భూస్వామి ఇంట పాలేరుతనం చేసే దళిత యువకుడు చదువుకుని అధికారి అవుతాడు. పల్లెల్లో విస్తృతంగా ప్రదర్శితమైన ఈ నాటకం చూసి పిల్లలను పొలంపని మాన్పించి బడికి పంపిన కుటుంబాల ప్రస్తావన భీమన్నను గురించిన రచనల్లో తరచుగా వస్తుంది. అవినీతి ఈ నాటకానికి ప్రధాన వస్తువు కాదు. అయినా పరిపాలనను గురించి దీనిలో ఒక స్పష్టమైన భావన ఉంది. అధికారం అనేది ఒక కుర్చీ. అందులో ఎవరు కూర్చుంటారన్న దానిపై న్యాయం ఆధారపడి ఉంటుంది. ఫిర్యాదు చేయవలసిన మనిషే ఫిర్యాదు వినే స్థానానికి వెళ్ళడం నాటకం ఇచ్చే పరిష్కారం.

ఈ పరిష్కారాన్ని అమాయకమని తేల్చివేయడం నేటి పాఠకుడికి సులభం. కుర్చీ మారినంత మాత్రాన ఫైలు కదలదని ఈ డెబ్భై ఎనభై ఏళ్ళ అనుభవం చెప్పింది కదా అని వాదించవచ్చు. ఈ వాదంలో ఒక తప్పు దాగి ఉంది. కుర్చీ మీద విరక్తి కలగాలంటే ముందు ఆ కుర్చీ తనకూ అందేదై ఉండాలి. ‘అందరూ దొంగలే’ అన్న నిస్పృహ, ఎవరు కూర్చున్నా తనకు పెద్ద తేడా ఉండదని నిశ్చింతగా ఉండగలిగినవాడి నిస్పృహ. పాలేరుకు ఆ వెసులుబాటు లేదు. ఊరి కరణం, మునసబు, తాసీల్దారు ఎవరైనా వారి కచేరీ గడప అతడికి అంటరానితనం గీసిన గీతే. అక్కడికి అర్జీ కాగితమైనా చేరుతుందేమో గాని మనిషి చేరడు. ఆ స్థితిలో కుర్చీని కోరడం పదవీవ్యామోహం కిందికి రాదు. పౌరుడిగా లెక్కలోకి రావడానికి ఉన్న ఒకే ఒక్క దారి అది. భీమన్న స్వయంగా రాష్ట్ర ప్రభుత్వ అనువాద విభాగంలో అధికారిగా, శాసన మండలి సభ్యుడిగా పనిచేయడం ఈ కోరికకు జీవితంలో దొరికిన కొనసాగింపు. అదే కవి ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ అనే సంపుటి వెలువరించి, దానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందాడు. ఆ శీర్షికలోని వాక్యాన్ని గమనించాలి. కాలిపోతున్నాయి, కాలుస్తున్నది ఎవరో శీర్షిక చెప్పదు. అకర్మక క్రియ అది. కార్యాలయ వాక్యంలోనూ కర్త లేడు, ఈ శీర్షికలోనూ లేడు. కాని కార్యాలయ వాక్యం ప్రశ్నను మూసివేస్తుంది, ఈ శీర్షిక ప్రశ్నను చదువరి నోట పెడుతుంది. ఒకే వ్యాకరణ లక్షణం రెండు వ్యతిరేక ప్రయోజనాలకు ఉపయోగపడగలదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ‘పాలేరు’ నాటి కుర్చీ ఆశ ఆ శీర్షిక నాటికి ఎంత చల్లారిందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

బొజ్జా తారకం (1939-2016) కాట్రేనికోన మండలం కందికుప్పవాడు. తండ్రి బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నాయకుడు, శాసనసభ్యుడు. అంటే భీమన్న నాటకం కలగన్న మార్పు తారకం ఇంట ఒక తరం ముందే కొంత జరిగింది. కుర్చీని దగ్గరగా చూసిన ఇంటినుంచి వచ్చినవాడు కుర్చీ మీద ఆశ పెట్టుకోకపోవడం గమనార్హం. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉంటూ 1985లో కారంచేడు మారణకాండ తరువాత ఆ పదవికి రాజీనామా చేశాడు. ‘నది పుట్టిన గొంతుక’ కవిగా ఆయనపై కొంత పరిశోధన జరిగింది. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న పుస్తకం మాత్రం న్యాయశాస్త్ర కరదీపికగా పక్కన పెట్టబడింది. గద్యశైలిని పట్టించుకునే విమర్శకు అది ముఖ్యమైన పాఠం.

శీర్షికలోని కర్త ఎవరో ముందు చూడాలి: పోలీసులు. క్రియ చేదర్థకం: చేస్తే. ప్రధాన వాక్యం లేదు. అది చదువరి పూరించుకోవలసినది. అర్జీలో పౌరుడు ప్రార్థిస్తాడు, వాడుకలో పౌరుడు గొణుగుతాడు. ఈ శీర్షికలో పౌరుడు ముందుగానే సిద్ధపడుతున్నాడు. అరెస్టు చేసినప్పుడు కారణం చెప్పాలని, ఇరవై నాలుగు గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఈ సంగతి ఇంగ్లీషులో ఉన్నంతకాలం పోలీసుస్టేషను గుమ్మంలో అది ఎవరికీ అక్కరకు రాదు. తెలుగులోకి, అందునా కూలిమనిషి చదివించుకుని వినగల తెలుగులోకి తెచ్చినప్పుడే అది హక్కుగా పనిచేస్తుంది. ఈ పుస్తకం సాహిత్య ప్రాధాన్యం ఇందులోనే ఉంది. కార్యాలయ భాష చెరిపివేసిన కర్తను, జనభాష మింగేసిన కర్తను రెంటినీ అది వాక్యంలోకి తిరిగి తెస్తుంది. ఫలానా పని ఫలానా అధికారి ఇన్ని గంటల్లో చేయాలి. దయకు అందులో చోటు లేదు కనుక లంచానికీ చోటు తగ్గుతుంది; రెండూ ఒకే చీకట్లో పెరిగేవి.

2005 సమాచార హక్కు చట్టం ఈ వాక్యానికి రాజ్యం వేసిన ముద్ర అనుకోవచ్చు. ముప్ఫై రోజుల గడువు, బాధ్యుడైన అధికారి పేరు, పది రూపాయల రుసుము. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం మండల స్థాయిలో అయిదు రూపాయలే, గ్రామస్థాయిలో అదీ లేదు. పూడికతీత పనికి అంచనా ఎంత, కొలతల పుస్తకంలో ఎంత రాశారు, బిల్లు ఎంత చెల్లించారు అని తెల్లకాగితం మీద అడిగే వీలు కోనసీమ రైతుకు అప్పటినుంచి ఉంది. అయినా 2011 నాటి కోపం ఆ దారిలో పోలేదు. కాగితం మీద నమ్మకం అప్పటికే పోయింది.

2011 ఖరీఫ్‌లో జరిగింది దేశవ్యాప్తంగా ఆశ్చర్యం కలిగించింది. కరవు లేదు, గోదావరిలో నీరు లేకపోలేదు, భూమి సారం తగ్గలేదు. అయినా వేల ఎకరాల రైతులు నాట్లు వేయమని ప్రకటించారు. కారణాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నవి. సాధారణ రకం ధాన్యానికి 2010-11లో మద్దతు ధర క్వింటాలుకు 1000 రూపాయలు, మరుసటి ఏడు 1080. డెల్టాలో లెక్క బస్తాల్లో సాగుతుంది కనుక 75 కిలోల బస్తాకు అది 810 రూపాయలు. కాగితం మీది ఆ ధరకూ కల్లంలో చేతికందే ధరకూ మధ్య మిల్లరు, తేమ శాతం, గోదాముల కొరత ఉన్నాయి. బాస్మతేతర బియ్యం ఎగుమతిపై 2008 నుంచి నిషేధం ఉంది. 2011 సెప్టెంబరులో, అంటే ఖరీఫ్ నిర్ణయాలన్నీ అయిపోయాక, అది తొలగింది. వీటికి తోడు నీటి విడుదల తేదీ. జూన్ మొదట్లో నీరిస్తే కోత తుపానులకు ముందే అయిపోతుంది. ఆలస్యమైతే కోతకొచ్చిన చేను సరిగ్గా అక్టోబరు, నవంబరు వానల్లో పడుతుంది. 1996 నవంబరు 6 తుపానును చూసిన ప్రాంతంలో ఈ లెక్క ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ పైన మురుగుకాలువలు. రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది, కమిటీ నివేదిక ఇచ్చింది.

ఈ నిరసన తనకు పెట్టుకున్న పేరే దాని గొప్ప వాక్యం. మొదట వాడుకలోకి వచ్చింది ‘క్రాప్ హాలిడే’. పత్రికలు దాన్ని ‘పంట విరామం’ చేశాయి. సమ్మె, బందు, సత్యాగ్రహం, సహాయ నిరాకరణ అన్న పాత మాటలేవీ పనికిరాలేదు. హాలిడే అనేది ఉద్యోగి మాట. ఆదివారాలు, రెండవ శనివారాలు, పండుగ సెలవులు ఉన్నది కార్యాలయానికే, పొలానికి లేవు. ఎన్నిసార్లు వెళ్ళినా ‘ఈ వేళ సెలవండి’ అని విని తిరిగి వచ్చినవాడు ఆ మాటనే ఎత్తుకుని ‘మాకూ సెలవేనండి’ అన్నాడు. గోదావరి జిల్లాల వెటకారం అని మనం తేలికగా అనుకునే ధోరణి ఇక్కడ రాజకీయ భాషగా మారింది. మర్యాద ఎక్కడా తప్పలేదు, ‘అండీ’ పోలేదు, గొంతు పెరగలేదు. చేయవలసిన పని మాత్రం ఆగిపోయింది. పాత తెలుగులో ‘సెలవు’కు ఆజ్ఞ, అనుమతి అనే అర్థాలున్నాయి, పెద్దలు సెలవిస్తారు, చిన్నవారు సెలవు పుచ్చుకుంటారు. ఈసారి ఎవరూ ఎవరి సెలవూ కోరలేదు. అర్జీలో ‘విధేయుడు’గా సంతకం పెట్టిన మనిషే తీర్మానంలో ‘వేయము’ అని ఉత్తమపురుష బహువచనంలో, వ్యతిరేక క్రియతో రాశాడు. కర్త లేని వాక్యాలకు జవాబుగా ఇంత స్పష్టమైన కర్త కోనసీమ ఫిర్యాదు చరిత్రలో అంతకుముందు కనబడడు.

ఇంతవరకు ఈ నిరసనను మెచ్చుకోవడంలో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆ ‘మేము’లో ఉంది. కోనసీమలో వరిసాగులో పెద్ద భాగం కౌలుదారులది. భూమి ఉన్నవాడు విరామం తీసుకుంటే ఒక పంట ఆదాయం పోతుంది. భూమి నిలుస్తుంది, కొబ్బరి ఉంటుంది, ఊళ్ళోనో హైదరాబాదులోనో విదేశంలోనో మరొక సంపాదన ఉండవచ్చు. కౌలుదారుకు విరామం అంటే ఏడాది పని పోవడం. నాట్లు వేసే, కోతలు కోసే కూలీకి అది కూలి పోవడం. వారిలో కొందరు ఉద్యమంలో ఉన్నారు, నష్టాలలో వారి వాటా ఇంకా పెద్దది కనుక ఉండడమూ న్యాయమే. కాని కూలీకి హాలిడే అన్న మాటలోని వెటకారం అందదు. అతడికి పని లేని రోజు ఎప్పుడూ ఉన్నదే. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. ఉపాధి హామీ పనుల వల్ల కూలి రేట్లు పెరిగి సాగు గిట్టుబాటు కావడం లేదన్న ఫిర్యాదు ఆ ఉద్యమ వినతుల్లోకి చేరినప్పుడు ఈ ‘మేము’ అంచులు స్పష్టంగా బయటపడ్డాయి. అవినీతి, నిర్లక్ష్యం, పూడిక, మద్దతు ధర అన్నవాటి వరుసలో ఒక పేదవాడి కనీస వేతనం కూడా దోషంగా కూర్చుంది. భీమన్న పాలేరు ఈ వాక్యాన్ని వింటే తనను కర్తలో చేర్చుకునేవాడా, కర్మలో చూసుకునేవాడా అన్నది అడగవలసిన ప్రశ్న.

పదకొండేళ్ళ తరువాత ఈ ప్రశ్న మరింత కఠినంగా ముందుకొచ్చింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు దగ్ధమయ్యాయి. అది జరిగిన కొద్ది వారాలకే, జూన్‌లో, అదే జిల్లాలో రైతులు ధాన్యం బకాయిలు, మురుగుకాలువలు, సాగు ఖర్చులను ఎత్తి చూపుతూ మళ్ళీ పంట విరామం ప్రకటించారు. ఈ రెండు సంఘటనలను వేరువేరు శీర్షికల కింద చదవడం పత్రికలకు సహజం. కోనసీమ పాఠాలను చదివే విమర్శకు ఆ విభజన సరిపోదు. పాలన మీద కోపం ఉన్న సమాజంలోనే, ఆ పాలనకు రాజ్యాంగ రూపం ఇచ్చినవాడి పేరు మీద కూడా కోపం మండింది. తారకం పుస్తకం ఆధారపడిన అధికరణం ఏ పత్రంలో ఉందో తెలిసిన చదువరికి ఈ వైరుధ్యం మామూలుగా కనబడదు. ‘మన కోనసీమ’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారన్న సంగతి పౌరుల ఫిర్యాదును మొదటినుంచీ నిర్ణయిస్తూనే ఉంది.

మరొక చిన్న వివరం. 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించిన నగరం గ్రామం భీమన్న పుట్టిన మామిడికుదురు మండలంలోనిదే. 1995 జనవరిలో మొదలై అరవై అయిదు రోజులు మండిన పాశర్లపూడి మంట కూడా ఈ చుట్టుపక్కలదే. ఈ రెండింటి చుట్టూ వచ్చిన కవితలు, పాటలు, స్మారక సంచికలు స్థానికంగా చాలా ఉండి ఉండాలి. వాటి సేకరణ ఇంకా పరిశోధకుల పనిగానే మిగిలింది. ఆ రచనల్లో పైపులైను నిర్వహణ లోపానికి కర్త ఎవరుగా నిలుస్తారో, పరిహారం మాటలో ‘విధేయుడు’ మళ్ళీ తిరిగి వస్తాడో లేదో చూడవలసి ఉంది.

కౌలుదారు విషయానికి వస్తే, అతడిని గుర్తించే ప్రయత్నాలు చట్టాల్లో జరిగాయి. పంట విరామం ఏడాదిలోనే, 2011లో, సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఈ రెండవ చట్టం కింద కౌలుదారుకు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం కావాలి. విరామ తీర్మానం కింద ఉన్నదీ భూమి ఉన్నవాడి సంతకమే, కౌలుదారు కార్డు దరఖాస్తులో ఉండవలసినదీ అదే. సాగు చేసేవాడు తన వాక్యాన్ని తానే మొదలుపెట్టిన పాఠం కోనసీమ కథల్లోనో, కూలీల పాటల్లోనో, ఏ సంఘం కరపత్రంలోనో ఉండవచ్చు. దానిని వెదకడానికి గ్రంథాలయాల కన్నా శివారు ఊళ్ళే అనువైన చోటు.